కాలేజీలో లెక్చరర్ల సంఘం ఎలా కట్టాలి: జీతాల పట్టీ నుంచి మొదటి ఒప్పందం దాకా

"సంఘం పెడదామనుకుంటున్నాం మాస్టారూ, రిజిస్ట్రేషన్‌కి ఎంతవుద్దండీ?"

నా దగ్గరికొచ్చే లెక్చరర్లు మొదట అడిగేది ఇదే. అమలాపురం నుంచి వచ్చినా, తాడేపల్లిగూడెం నుంచి వచ్చినా, కాకినాడ నుంచి వచ్చినా ఇదే ప్రశ్న. నేను చెప్పేది కూడా ఒకటే. రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరికెంత జీతం వస్తుందో ఒక కాగితం మీద రాసుకుని రండి.

చాలామంది రాయలేరు. ఆరేళ్లుగా పక్క కుర్చీలో కూర్చుని, క్యారేజీలో కూరలు పంచుకుని తిన్న మనిషి జీతం ఎంతో తెలియదు. అడిగితే బాగోదంటారు. మనల్ని విడివిడిగా ఉంచేది ఆ మొహమాటమే.

నేను ఈ గోదావరి డెల్టాలోనే ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. పీరియడ్‌కి ఇంతని తీసుకునే గెస్ట్‌గా మొదలుపెట్టి, ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో కాంట్రాక్టు మీద ఉన్నాను. రెండుసార్లు సంఘం కట్టాం. మొదటిది నాలుగు నెలలకే చెదిరిపోయింది, రెండోది నిలబడింది. ఆ రెండింటిలో తెలిసొచ్చింది వరసగా చెబుతాను.

1. ముందు మీ జీతం మీరు చెప్పండి

ఆ ప్రైవేట్ కాలేజీలో నాకు బ్యాంకులో 32,000 పడేది. ఐదో తారీఖు దాటాక అకౌంట్స్ సెక్షన్ నుంచి పిలుపు వచ్చేది. వెళ్లి 9,000 క్యాష్ చేతిలో పెట్టి రావాలి. రసీదు ఉండదు, ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించేవారు. నాకు రాటిఫికేషన్ (నియామకానికి యూనివర్సిటీ ఆమోదం) కాలేదు కాబట్టి నా ఒక్కడికే ఇలా చేస్తున్నారని రెండేళ్లు అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఒక సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర నలుగురం ఆగిపోయాం. వాన దంచి కొడుతోంది, రావులపాలెం బస్సు జాడ లేదు. ఇక దాచుకోలేక, "ఈ నెల కూడా తొమ్మిది వేలు వెనక్కిచ్చానండీ" అన్నాను. మాథ్స్ మేడం గారు చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టి, "నేను పదకొండండీ" అన్నారు. మెకానికల్ ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మా మధ్య పెట్టాడు. ఏడు నెలలుగా అందులో ఒక్క ఎంట్రీ లేదు. జీతంలోంచి మాత్రం నెలనెలా కోస్తూనే ఉన్నారు. మా మొదటి సంఘం ఆ బెంచీ మీద పుట్టింది.

మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ వద్దు. ఒక్కొక్కరిని విడిగా, టీ దగ్గరో బస్సులోనో పలకరించండి. ముందు మీది చెప్పండి, తర్వాత వాళ్లది అడగండి. వారానికి ఇద్దరు చొప్పున మాట్లాడినా రెండు నెలల్లో ఒక డిపార్ట్‌మెంట్ లెక్క తేలిపోతుంది.

తెలిసినవి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాయండి. పేరు, సబ్జెక్టు, చేరిన తేదీ, అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికిచ్చారా లేదా, వారానికి ఎన్ని పీరియడ్లు, కాగితం మీద జీతం, చేతికొచ్చే జీతం, ఏ తారీఖున పడుతోంది, పీఎఫ్ కడుతున్నారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి. ఈ పది గళ్లు చాలు. నోట్‌బుక్ కాలేజీలో పెట్టకండి. కాలేజీ కంప్యూటర్లో, కాలేజీ వైఫై మీద, కాలేజీ ఇచ్చిన మెయిల్‌లో ఈ పని చేయకండి.

పీఎఫ్ గురించి ఒక మాట. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే విద్యాసంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. కోసిన డబ్బు కట్టకపోతే నలుగురైదుగురు పాస్‌బుక్ ప్రింట్లు, జీతం స్లిప్పులు జతచేసి రాజమహేంద్రవరంలోని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయంలో కలిసి ఫిర్యాదు ఇవ్వండి. సంఘానికి రిజిస్ట్రేషన్ లేకపోయినా ఈ పని చేయొచ్చు. కొత్త సంఘం మొదటి గెలుపు ఇలాంటి చిన్న పనిలో వస్తే, దూరంగా నిలబడి చూసేవాళ్లకి నమ్మకం కుదురుతుంది.

2. మీకు రావలసింది ఎంతో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. మనలో చాలామంది అడగాల్సిన దానికంటే తక్కువ అడుగుతారు, లెక్క తెలియక.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నేరుగా పాఠం చెప్పే పని వారానికి 16 గంటలు. అసోసియేట్ ప్రొఫెసర్‌కి, ప్రొఫెసర్‌కి 14 గంటలు. మీ చేత 24 గంటలు చెప్పిస్తుంటే ఆ టైమ్‌టేబులే మీకు సాక్ష్యం, ప్రతి సెమిస్టర్ ఫోటో తీసి దాచండి. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదనీ, ఫుల్‌టైమ్ కాంట్రాక్టు టీచరు జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల మొత్తం జీతానికి తగ్గకూడదనీ అవే నిబంధనలు చెబుతున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీకి 2019 జనవరిలో యూజీసీ పెట్టిన రేటు లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000. మీకు పీరియడ్‌కి ఎంత వస్తోందో పక్కన వేసి చూసుకోండి.

కోర్టు తీర్పులు రెండు గుర్తుపెట్టుకోండి. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని 2016లో జగజీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది, అంత తక్కువ జీతాలిస్తూ గురువును పొగిడే శ్లోకాలు చదివితే సరిపోదని మందలించింది కూడా. ఈ తీర్పులు చూపించగానే మీ యూనివర్సిటీ రిజిస్ట్రార్ చెక్కు రాసివ్వరు. కానీ మీ అర్జీలో ఆ రెండు వాక్యాలుంటే ఫైలు మీద నోట్ రాసే సెక్షన్ ఆఫీసర్ దాన్ని పక్కన పడేయడానికి వెనకాడతాడు.

ప్రైవేట్ కాలేజీల వాళ్లకి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి ఇవ్వాల్సిన మొత్తం సంగతి చాలామంది చెప్పరు. 2009 సవరణతో ఉపాధ్యాయులు కూడా గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ఆ సవరణ చెల్లుతుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్ల సర్వీసు నిండినవాళ్లు మానేసినా రావాలి. లెక్క సులువు: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 26,000 జీతం మీద ఎనిమిదేళ్లు చేసిన మనిషికి 1,20,000 వస్తుంది. ఒక శాలువా, ఒక స్వీట్ బాక్స్ పట్టుకుని ఇంటికెళ్లిపోయిన సీనియర్లను నేను కళ్లారా చూశాను. వాళ్లకి ఇది చెప్పేవాళ్లు లేకపోయారు.

యూనివర్సిటీలు, ప్రభుత్వ కాలేజీలు, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ కాలేజీల సమాచారం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఆదికవి నన్నయ యూనివర్సిటీ 2006లో, కాకినాడ జేఎన్‌టీయూ యూనివర్సిటీగా 2008లో ఏర్పడ్డాయి. మీ యూనివర్సిటీ ఏదైనా, ఏర్పడినప్పటి నుంచి ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ చేశారు, ఎన్ని కాంట్రాక్టుతో, ఎన్ని గెస్ట్‌లతో నడుపుతున్నారు, డిపార్ట్‌మెంట్‌ల వారీగా ఇమ్మని అడగండి. ప్రశ్నలు నాలుగైదుకు మించకూడదు. "ఎందుకు" అని అడగకండి, "ఎన్ని", "ఏ తేదీన", "ఏ ఉత్తర్వు ప్రకారం" అని అడగండి. సర్వీసులో ఉన్నవాళ్లకి భయంగా ఉంటే రిటైరైన మాస్టారు ఎవరైనా తన పేరుతో వేస్తారు. ప్రతి ఊళ్లోనూ అలాంటి పెద్దమనిషి ఒకరుంటారు.

ఇంకో విషయం, పాత కాగితాలు పారేయకండి. 2014 జూన్ 2 నాటికి పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు 2023లో రాష్ట్రంలో చట్టం వచ్చినప్పుడు, ఆ రోజుకి సర్వీసులో ఉన్నామని చూపించే ఆర్డర్ కోసం జనం బీరువాలు వెతుక్కున్నారు.

3. కేడర్‌కో సంఘం పెట్టకండి

రెగ్యులర్‌కి ఒకటి, కాంట్రాక్టుకి ఒకటి, గెస్ట్‌లకి ఒకటి, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల వాళ్లకి ఇంకొకటి. మన దగ్గర ఇదే అలవాటు. దీనివల్లే ఓడిపోతున్నామని నేను గట్టిగా నమ్ముతాను. రెగ్యులర్ వాళ్లకి ఏరియర్స్ కావాలి, కాంట్రాక్టు వాళ్లకి రెగ్యులరైజేషన్ కావాలి, గెస్ట్‌కి మే నెలలో అన్నం కావాలి. ఒకరిని పిలిచి ఏదో ఇస్తామంటే మిగతా ఇద్దరూ ఒంటరైపోతారు.

2021లో ఎయిడెడ్ కాలేజీల విషయంలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమని యాజమాన్యాలను అడిగారు. దశాబ్దాలుగా ఒకే కాలేజీలో ఉన్నవాళ్లు సామాను సర్దుకుని ప్రభుత్వ కాలేజీలకు వెళ్లారు. అదే స్టాఫ్‌రూమ్‌లో మేనేజ్‌మెంట్ జీతం మీద పనిచేసేవాళ్లు మాత్రం ఏ జాబితాలోనూ లేక అక్కడే మిగిలిపోయారు. రెండు రకాల వాళ్లూ అంతకుముందు ఒక్కరోజు కూడా కలిసి కూర్చుని మాట్లాడుకోలేదు.

కాబట్టి ఒకే సంఘం పెట్టండి, అందులో అన్ని కేడర్లూ ఉండాలి. డిమాండ్ల పత్రంలో గెస్ట్ లెక్చరర్ డిమాండు మొదట రాయండి. అందరికంటే బలహీనంగా ఉన్నవాడి పని ముందు జరిగితే మిగతావాళ్లు ఎవరూ నష్టపోరు.

4. ఏడుగురిని ఎంచుకోండి

సొసైటీగా రిజిస్టర్ కావాలన్నా, ట్రేడ్ యూనియన్‌గా దరఖాస్తు పెట్టాలన్నా కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురిని ముందే జాగ్రత్తగా ఎంచుకోండి. అందరికంటే గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు, పదిమంది తమ కష్టం చెప్పుకునేవాళ్లు కావాలి. లేబ్‌లో పరికరం పాడైతే ఎవరిని పిలుస్తారో, పిల్లాడి ఫీజుకి చేబదులు ఎవరిని అడుగుతారో గమనించండి. ఆ మనిషే మీకు కావలసిన మనిషి.

మన జిల్లాల్లో కులం సంగతి దాటేసి మాట్లాడితే అబద్ధమవుతుంది. కమిటీలో ఒకే కులం వాళ్లు నలుగురు కనబడితే, మర్నాడే అది "వాళ్ల సంఘం" అయిపోతుంది. పార్టీ విషయంలోనూ అంతే. ఏడుగురిలో కనీసం ఇద్దరు మహిళలు, కనీసం ఇద్దరు గెస్ట్‌లు, అన్ని సామాజిక వర్గాల వాళ్లు ఉండేలా మొదటి రోజే చూసుకోండి. తర్వాత సర్దుదాంలే అనుకుంటే సర్దుకోదు.

5. మీటింగు ఎప్పుడు, ఎక్కడ

సాయంత్రం ఆరింటికి మీటింగు పెట్టారంటే మహిళా లెక్చరర్లు రారు. ముమ్మిడివరం, రాజోలు, నరసాపురం వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు రారు. ఆదివారం ఉదయం పదింటి నుంచి పన్నెండింటి దాకా పెట్టండి, పన్నెండింటికి కచ్చితంగా ముగించండి. చోటు కాలేజీ బయట ఉండాలి. ఎన్జీవో హోమ్ (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల సంఘం భవనం) గానీ, శాఖా గ్రంథాలయం గానీ, రిటైరైన మాస్టారి ఇంటి వసారా గానీ చాలు. పార్టీ ఆఫీసు వద్దు, అక్కడి నాయకులు ఎంత మంచివాళ్లైనా సరే.

నెలలు కూడా చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంకల నుంచి వచ్చేవాళ్లు పడవలకోసం చూస్తుంటారు, అప్పుడు మీటింగు కుదరదు. సంక్రాంతికి అటూ ఇటూ పది రోజులు ఎవరూ దొరకరు. కాలువలు కట్టేసే వేసవిలో సెలవులొస్తాయి, గెస్ట్‌ల జీతం ఆగిపోతుంది, జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదో అనే టెన్షన్‌లో ఉంటారు. ఆ రెండు నెలల్లో వాళ్ల చేత సంతకం పెట్టించాలని చూడకండి. సభ్యత్వాలు దసరా ముందూ వెనకా చేర్పించి, డిమాండ్ల పత్రం ఫిబ్రవరిలోపు ఇచ్చేయండి. మార్చి దాటితే మన మాటకి విలువుండదు, ఎందుకంటే సిలబస్ అయిపోయి ఉంటుంది.

6. సంతకాలు గుండ్రంగా పెట్టించండి

మొదటిసారి మేం చేసిన తప్పు ఇదే. అర్జీ కింద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి పదకొండు మంది సంతకాలు పెట్టాం. ఒకటో నంబరు మా ఫిజిక్స్ మాస్టారిది. పెద్దవాడు, ముందు నేను పెడతానన్నాడు. పది రోజులకి ఆయన్ని పిలిచి "మీకు వర్క్‌లోడ్ లేదండీ" అన్నారు, అంటే ఇక రావద్దని. పదిహేడేళ్ల సర్వీసు. మిగతా పదిమందిమీ నోరెత్తలేకపోయాం. సంఘం అక్కడితో ఆగిపోయింది. ఆ మాస్టారి ముఖం చూడలేక నేను చాలాకాలం వాళ్ల వీధిలోంచి వెళ్లడం మానేశాను.

రెండోసారి, యూనివర్సిటీ క్యాంపస్‌లో, మా మేడం గారు ఒకరు వాళ్లింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చారు. తెల్ల ఛార్టు మీద బోర్లించి, అంచు వెంట పెన్సిల్‌తో గీత గీశారు. లోపల అర్జీ రాశాం. గీత వెంట చుట్టూ సంతకాలు పెట్టించాం. ఎవరిది మొదటిదో, ఎవరిది చివరిదో చెప్పలేరు. ముప్పై ఎనిమిది సంతకాలు అయ్యాయి. ఆ ఛార్టుని ఫోటో తీసి, అసలుది భద్రంగా దాచి, కలర్ జెరాక్సు ఇచ్చాం. ముప్పై ఎనిమిది మందిని ఒకేసారి "వర్క్‌లోడ్ లేదు" అనలేకపోయారు.

సగం కంటే ఎక్కువ మంది సంతకం పెట్టేదాకా ఆ కాగితాన్ని ఎవరికీ ఇవ్వకండి. పదిమందితో ఇవ్వడం కంటే ఒక సెమిస్టర్ ఆగడం మంచిది.

7. మినిట్స్ బుక్, డబ్బు, వాట్సాప్

పేజీ నంబర్లు వేసిన ఒక మినిట్స్ బుక్ కొనండి. ప్రతి మీటింగులో తేదీ, వచ్చినవాళ్ల సంతకాలు, తీర్మానం, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు రాయండి. రేపు కోర్టుకెళ్లినా, అధికారి ముందు కూర్చున్నా మీరు సంఘమని చూపించేది ఆ పుస్తకమే.

సభ్యత్వం ఫీజు గెస్ట్‌కి కూడా భారం కానంత పెట్టండి. మేం నెలకి యాభై పెట్టాం. ఒక్క రూపాయికి కూడా రసీదు రాయండి. డబ్బు ఎవరి ఫోన్‌పేలోనూ వేయించుకోవద్దు. సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరిచేదాకా రసీదు పుస్తకం మీద క్యాష్ తీసుకుని కోశాధికారి దగ్గర ఉంచండి. ఖాతా తెరిచాక ఇద్దరి సంతకాలతోనే డబ్బు తీసే ఏర్పాటు చేసుకోండి. ప్రతి మీటింగులో మొదటి పని లెక్కలు చదవడం కావాలి. సంఘాలు మేనేజ్‌మెంట్ వల్ల విరిగినవాటికంటే లెక్కల దగ్గర విరిగినవే నేను ఎక్కువ చూశాను.

వాట్సాప్ గ్రూపులో మీటింగు సమయం, చోటు తప్ప ఇంకేం రాయొద్దు. అందులో మీరు రాసిన ప్రతి మాటా సాయంత్రానికి ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉంటుందనుకునే రాయండి.

8. రిజిస్ట్రేషన్

రెండు దారులున్నాయి. మొదటిది ట్రేడ్ యూనియన్. 1926 చట్టం స్థానంలో ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దీనికి ఏడుగురు ఉంటే చాలదు. సంస్థలో పనిచేసేవాళ్లలో పది శాతం గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. పైగా 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచరు "వర్క్‌మన్" కిందికి రాడని చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడిలా లేబర్ కోర్టుకెక్కే దారి మనకి అప్పుడే మూసుకుపోయింది. అందుకని ఈ దారిలో వెళ్లదలిస్తే ముందు సర్వీసు కేసులు చూసే లాయర్‌ని కలవండి.

రెండోది సొసైటీ. లెక్చరర్ల సంఘాలు చాలా వరకు ఈ దారిలోనే వెళ్తాయి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద మీ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ సంఘం చిరునామా ఏ జిల్లాలోకొస్తుందో ముందు చూసుకోండి. భీమవరం వాళ్లు ఇంకా ఏలూరు వెళ్లి తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ఆశయాల పత్రం, నియమావళి, ఏడుగురి సంతకాలు, గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకి రుజువు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కొత్త కమిటీ జాబితా ఫైల్ చేయడం మర్చిపోకండి.

నియమావళిలో రెండు నిబంధనలు తప్పకుండా పెట్టండి. రెండేళ్లకోసారి రహస్య ఓటుతో ఎన్నికలు. ఒక పదవిలో ఒకే మనిషి వరసగా రెండుసార్లకు మించి ఉండకూడదు. మంచి నాయకుడే కదా అని ఈ రెండోది సడలించకండి.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) ఇస్తోంది. ఎవరైనా "పర్మిషన్ ఎవరిచ్చారు" అంటే ఆ నంబరు చెప్పండి.

9. డిమాండ్ల పత్రం ఎలా రాయాలి

ఐదు డిమాండ్లకు మించొద్దు. వాటిలో రెండైనా డబ్బు ఖర్చు లేకుండా ఒప్పుకోగలిగినవి ఉండాలి. మేమిచ్చిన పత్రం ఇంచుమించు ఇలా ఉంది:

"గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి, మన క్యాంపస్‌లో పనిచేస్తున్న అధ్యాపకుల తరఫున మనవి. (1) గెస్ట్ అధ్యాపకులకు పీరియడ్ రేటును యూజీసీ 2019 మార్గదర్శకాల మేరకు సవరించాలి. (2) అందరికీ ప్రతి నెల ఐదో తేదీలోపు జీతం, పే స్లిప్పుతో సహా ఇవ్వాలి. (3) ఆఫీసులో ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలన తర్వాత తిరిగి ఇచ్చేయాలి. (4) వారానికి 16 గంటలు దాటిన పనిభారానికి అదనపు వేతనం ఇవ్వాలి. (5) లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం వేసిన అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో పెట్టాలి. వీటిపై మాట్లాడేందుకు పదిహేను రోజుల్లో సమయం ఇవ్వగలరని కోరుతున్నాం."

కోపం, ఎత్తిపొడుపు ఏమీ ఉండకూడదు. మూడోదీ ఐదోదీ ఖర్చులేనివి, అందుకే ముందు అవే జరిగాయి. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీతో స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు మినిట్స్ బుక్‌లో అంటించండి.

చర్చకి ఎప్పుడూ ముగ్గురు వెళ్లండి, ఒక్కరు వెళ్లకండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, మూడోవాళ్లు వినాలి. "ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదండీ" అని ప్రైవేట్ మేనేజ్‌మెంట్ తప్పకుండా అంటుంది. ఆ మాట నిజం కూడా కావచ్చు. "సరేనండీ, అయితే ఏ తారీఖుకి ఇస్తారో రాసివ్వండి. వచ్చినప్పుడు మొదటి చెల్లింపు జీతాలకేనని కూడా రాయండి" అని అడగండి. నోటిమాటతో లేచి రాకండి.

10. ఎవరినైనా లక్ష్యంగా చేసుకుంటే

ఇది జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. మెమో ఇస్తే ఇచ్చిన గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు కమిటీ కలిసి కూర్చుని రాయాలి. ఖాళీ కాగితం మీద గానీ, తేదీ లేని రాజీనామా మీద గానీ సంతకం పెట్టకండి. ప్రైవేట్ కాలేజీ అయితే 1982 నాటి రాష్ట్ర విద్యాచట్టం 79వ సెక్షన్ ఉంది. అభియోగాలు చెప్పకుండా, విచారణ జరపకుండా, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీసేయకూడదు. 80వ సెక్షన్ కింద అప్పీలుకి వెళ్లొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి కూడా రసీదు నంబరు వస్తుంది, అదీ ఒక సాక్ష్యమే.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆ ఇంట్లో పొయ్యి వెలగడం. సభ్యత్వం డబ్బులో సగం ఇలాంటి రోజు కోసమే విడిగా పెట్టండి. మా ఫిజిక్స్ మాస్టారికి అప్పట్లో మూడు నెలలు బియ్యం, అద్దె చూడగలిగుంటే ఆయన నిలబడేవాడు, మేమూ నిలబడేవాళ్లం.

11. ఆందోళన మెట్లు మెట్లుగా

నల్ల బ్యాడ్జీలు, తర్వాత భోజన విరామంలో ప్రదర్శన, తర్వాత రిలే దీక్షలు. ఒక్కో మెట్టుకీ మధ్య మాట్లాడటానికి వారం వదలండి. సమ్మె చివరి మెట్టు. ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 1964 ప్రవర్తనా నియమావళి కూడా సమ్మెకు ఒప్పుకోదు. కాబట్టి లాయర్‌ని అడగకుండా ఆ మాట ఎత్తకండి. యూజీసీ స్కేళ్ల కోసం 1987లో దేశమంతా యూనివర్సిటీ, కాలేజీ అధ్యాపకులు సమ్మె చేశారు నిజమే. ఆ వెనక ఏళ్ల తరబడి కట్టుకున్న సంఘాలున్నాయి.

పరీక్షలు బహిష్కరించొద్దని నా గట్టి అభిప్రాయం. స్పాట్ వాల్యుయేషన్ (జవాబు పత్రాలు దిద్దడం) ఆపితే అధికారులు దిగొస్తారని కొందరంటారు. దిగొస్తారేమో గానీ, ఆ పిల్లల అమ్మానాన్నలు మనకి శాశ్వతంగా దూరమవుతారు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సాగు ఆపేసి క్రాప్ హాలిడే పాటించినప్పుడు ఊళ్లన్నీ వాళ్ల వెనకున్నాయి, ఎందుకంటే వాళ్లు ముందు తమ పంటనే వదులుకున్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయాల్సొచ్చింది. ఆ రైతుల పిల్లలే మన క్లాసుల్లో కూర్చుంటున్నారు. మీ మీటింగుకి విద్యార్థుల తల్లిదండ్రులను ఒకసారి పిలవండి. మీ జీతం ఎంతో వాళ్లకి చెప్పండి. వాళ్లు నమ్మలేరు, నేను చూశాను.

ఓటు సంగతి కూడా. మనకి తూర్పు పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ నియోజకవర్గం ఉంది. నవంబరు 1 నాటికి గత ఆరేళ్లలో మూడేళ్లు బోధించినవాళ్లు ఓటరుగా నమోదుకి ఫారం 19 పెట్టుకోవచ్చు. ప్రతి ఎన్నికకీ జాబితా కొత్తగా తయారవుతుంది కాబట్టి ప్రతిసారీ పెట్టుకోవాలి. దానికి సంస్థ అధిపతి సర్వీసు ధ్రువీకరణ ఇవ్వాలి. ఆర్డర్ కాగితం లేని ప్రైవేట్ లెక్చరర్‌కి అది సర్వీసుకి ఒక రుజువు అవుతుంది, జెరాక్సు తీసి దాచుకోండి.

12. ఒప్పందం కుదిరాక

ఒప్పుకున్న ప్రతి అంశాన్నీ అక్కడికక్కడే రాయించి, రెండు వైపులా సంతకాలు తీసుకుని, కాపీ తెచ్చుకోండి. ఆ కాపీని సభ్యులందరి ముందూ చదవండి. ఒప్పుకోనివి కూడా చదవండి. సన్మానాలు, బొకేలు వద్దు.

తర్వాత ఆ మొదటి నోట్‌బుక్ మళ్లీ తీయండి. వెనక పేజీలో నెలల పేర్లు వరసగా రాసి, ఎదురుగా జీతం పడిన తారీఖు వేస్తూ వెళ్లండి. మాకు ఒప్పందమైన మొదటి నెల ఐదున పడింది, రెండో నెల ఐదున, మూడో నెల తొమ్మిదిన. పదో తారీఖు ఉదయం మేడం గారు, నేను, ఒక గెస్ట్ కుర్రాడు, ముగ్గురం ఆ పేజీ పట్టుకుని రిజిస్ట్రార్ గారి గది బయట కూర్చున్నాం.